నలుగురిలో తీయగలిగిన చాకు

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. పత్తి విత్తనాల కంపెనీ ఉద్యోగం కాబట్టి గుణుపురం చుట్టుపక్కల పొలాల్లో తిరుగుతారు. కాయ చీల్చి పురుగు చూడటానికి, సంచి కుట్టు విప్పడానికి, మధ్యాహ్నం ఒక పండు కోసుకోవడానికి జేబులో మడత చాకు కావాలి. జాతరలో చూసిన గరారీ చాకు, ఓపినెల్ 8, స్విస్ చాకు, కమ్మరి చేత చేయించి పర్లాకిమిడి కొమ్ము పిడి వేయించుకోవడం, వీటిలో ఏది మేలు? రెండోది పోలీసుల భయం. మూడోది స్ప్రింగు విరిగిన తాతగారి చాకు, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో చేసినది, దుప్పి కొమ్ము పిడిది. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇనుప సామాను దుకాణం నడుపుతాను. అమ్మకం కంటే మరమ్మతు మీదే మక్కువ ఎక్కువ. అందుకే కాస్త విస్తారంగా చెబుతాను.

గరారీ చాకును ముందే పక్కన పెట్టేయండి. తెరిచేటప్పుడు కీలు దగ్గరి ఇనుప పళ్ల మీద కరకరమంటూ శబ్దం చేస్తుంది, దాన్ని కొనేవాళ్లు ఆ శబ్దం కోసమే కొంటారు. ఆ శబ్దం వినగానే బస్సులో పక్కవాడు జరిగి కూర్చుంటాడు. జేబు చాకుకు నేను పెట్టే మొదటి పరీక్ష ఒకటే. గుణుపురం రైలులో ఎదురుగా చంటిబిడ్డతో ఒక తల్లి కూర్చుని ఉండగా జామకాయ కోయడానికి దాన్ని బయటకు తీయగలరా? సంకోచం కలిగితే అది ఎంత గొప్ప ఉక్కుతో చేసినదైనా మీ జేబులో ఉండవలసినది కాదు. అలుగు, అంటే కోసే రేకు, పొడవు 7 సెంటీమీటర్ల లోపు, మొన పొడుచుకు వచ్చినట్టు కాకుండా కిందికి వంగినట్టు, బటన్ లేకుండా, గోటి గాడి పట్టుకుని రెండు చేతులతో నిదానంగా తెరుచుకునేది అయితే ఎవరూ తల తిప్పి చూడరు. పని కూడా దానితోనే బాగా జరుగుతుంది.

చట్టం కూడా దాదాపు ఇదే దారిలో ఆలోచిస్తుంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఉన్న నియమాల్లో ఖడ్గాలు, బాకులు, బల్లేల వరుసలోకి వచ్చే కత్తులకు కొలత ఉంది: అలుగు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు. ఇంటి పనికి, సేద్యానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవి ఆ వరుసలో లేవు. అయితే ఢిల్లీలో 1980లో వచ్చిన ప్రభుత్వ ప్రకటన బటన్ చాకులను, స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునేవాటిని, గరారీ చాకులను పేరుపెట్టి మరీ పట్టుకుంది. అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, అక్కడ నేరమవుతుంది. ఆ ప్రకటన ఒడిశాకు వర్తించదు. అయినా ఏ రకం చాకును చూస్తే పోలీసుకు అనుమానం పుడుతుందో అందులో తెలుస్తుంది. ఎన్నికలప్పుడు, ఊళ్లో గొడవలప్పుడు నిషేధాజ్ఞలు వస్తాయి. వెనుక 144వ సెక్షను అనేవాళ్లం, 2024 జూలై నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163. ఆ రోజుల్లో చాకు ఇంట్లోనే ఉండాలి. కోర్టుకు, కలెక్టరేటుకు వెళ్లే రోజున కూడా అంతే. విమానమెక్కితే ఎంత చిన్నదైనా చేతిసంచిలో వద్దు, లగేజీలో వేసి పంపండి.

ఇక అసలు సంగతికి వస్తాను. చాకు కొనే ప్రతివాడూ ఉక్కు గురించి అడుగుతాడు. కీలు గురించి అడిగేవాడు అరుదు. సంప్రదాయ మడత చాకులో తాళం ఉండదు. అలుగు మొదలు పిడి లోపల ఒక రివెట్టు మీద తిరుగుతుంది. పిడి వీపు పొడవునా ఉన్న ఉక్కు పట్టీ ఆ మొదలును ఎప్పుడూ నొక్కి పట్టి ఉంచుతుంది. మొదలుకు చదునైన ముఖాలు రుద్ది ఉంటాయి కనుక పూర్తిగా తెరిచినప్పుడూ, పూర్తిగా మూసినప్పుడూ స్ప్రింగు ఒక ముఖం మీద కుదురుగా కూర్చుంటుంది. కొన్నింటిలో సగం దారిలో ఆగడానికి మూడో ముఖం కూడా ఉంటుంది. కొత్తగా చాకు పట్టేవారికి అలాంటిదే మంచిది, మూసేటప్పుడు వేళ్లు తప్పించుకోవడానికి ఒక క్షణం దొరుకుతుంది. రివెట్టు మీద సాఫీగా కదిలే పనితనం గంజాం ప్రాంతానికి కొత్త కాదు. బెల్లగుంఠలో చేసే ఇత్తడి చేపను చేతిలో పట్టుకుంటే ఒళ్లంతా మెలికలు తిరుగుతుంది. ఆ ఓపికలో సగం పెడితే మంచి చాకు కీలు వస్తుంది.

కొనేముందు చాకును వెలుతురుకు ఎత్తి పట్టండి. స్ప్రింగుకూ పిడి లోపలి పక్క రేకులకూ మధ్య వెలుగు కనిపిస్తే అమరిక వదులు, రేపు ఆ సందులోకి దుమ్ము, తేమ చేరతాయి. అలుగును తెరిచి మొన దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కొత్త చాకే ఊగితే కొనకుండా తిరిగి పెట్టెలో పెట్టేయండి. మూసినప్పుడు మొన పూర్తిగా పిడి లోపలికి దిగిపోవాలి. పైకి ఇంచుక తేలినా చొక్కాను, తరువాత వేలిని పట్టుకుంటుంది. చివరగా, వాదర (పదునైన అంచు) మీద ఒకే చోట చిన్న చదును కనిపిస్తే, మూసిన ప్రతిసారీ అది లోపలి స్ప్రింగుకు తగులుతోందని అర్థం. అలాంటి చాకును ఎంత సానపట్టినా ఆ చోట మొద్దుబారుతూనే ఉంటుంది. స్ప్రింగు బలం విషయంలో వీరత్వం వద్దు. గోరు విరిగేంత గట్టిగా ఉన్నదాన్ని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లు చాకును వాడరు, చూపిస్తారు.

మీరు చెప్పినవాటిలో ఓపినెల్‌కు వెనుక స్ప్రింగే లేదు. జోసెఫ్ ఓపినెల్ 1890లో ఫ్రాన్సులోని సవోయ్ కొండల్లో రూపొందించిన చాకు అది. చెక్క పిడి, ఒక రివెట్టు, అలుగును బిగించి ఉంచే తిరుగుడు కడియం. ఆ కడియం 1955లో వచ్చింది. 8వ నంబరు అలుగు 8.5 సెంటీమీటర్లు, చాలా పలుచన, పండు కోయడానికి దీన్ని మించినది నేను చూడలేదు. చిక్కంతా మన వానాకాలంతో. దాని పిడికి వాడే బీచ్ అనే చెట్టు చెక్క తేమకు ఉబ్బి అలుగును పట్టేస్తుంది. సవోయ్ వాళ్లకూ ఇది తెలుసు కాబట్టే పిడి వెనుక అంచును బల్లకేసి తట్టి మొన బయటపడేలా చేస్తారు. ఎండలో ఆరబెట్టి, అలుగు గాడిలో కరిగించిన మైనం రెండు మూడుసార్లు పట్టిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇంట్లో నేను వాడేది ఇదే. జూలైలో పొలానికి మాత్రం తీసుకెళ్లను.

స్విస్ చాకు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దాన్ని చేసే విక్టోరినాక్స్ కంపెనీ అధికారుల చాకు నమూనా 1897 నాటిది, అందులోని వెనుక స్ప్రింగు ఈనాటికీ పాఠం చెప్పడానికి పనికొచ్చేంత కచ్చితంగా ఉంటుంది. తుప్పు పట్టదు, కత్తెర ఉంటుంది, ఎర్ర పిడిని చూసి ఎవరూ జంకరు. మీ ఉద్యోగానికి నిక్షేపంగా సరిపోతుంది. ఇవాళే కావాలంటే అదే కొనండి, ఇక కింద రాసినది చదవకపోయినా నష్టం లేదు.

చేయించుకోవాలన్న కోరిక ఉంటే మాత్రం చదవండి. మన సంతల్లో కమ్మరులు చేసేవి ఎక్కువగా కొడవళ్లు, గొడ్డళ్లు, కత్తిపీటలు. మడత చాకు చేయమంటే చాలామంది రెండు రేకుల మధ్య అలుగును రివెట్టుతో బిగించి ఇస్తారు, బిగువే దానికి ఆధారం. అది తప్పేమీ కాదు. జపానులో మికి పట్టణం పేరు చెప్పే హిగొనోకామి చాకు ఇప్పటికీ అలాగే ఉంటుంది, అలుగు తోకను బొటనవేలితో అదిమిపట్టి వాడతారు. వెనుక స్ప్రింగు కావాలంటే కమ్మరికి మీరు రెండు మాటలు స్పష్టంగా చెప్పాలి.

మొదటిది ముడిసరుకు. లారీ కమాను పట్టా మంచి ఉక్కే, కానీ మందం. దాన్ని జేబు చాకుకు తగ్గట్టు పలుచన చేసేసరికి కమ్మరికి విసుగొచ్చి సగంలో ఆపేస్తాడు, మీకు చాకు కాదు, చిన్న గొడ్డలి వస్తుంది. రంపపు మిల్లులో అరిగిపోయిన పట్టీ రంపం ముక్క తెచ్చివ్వండి. అలుగుకూ స్ప్రింగుకూ రెండింటికీ అదే సరిపోతుంది. పాత ఆకురాయి ఇస్తే అలుగు పదును బ్రహ్మాండంగా నిలుస్తుంది, కానీ పెళుసు, స్ప్రింగుకు పనికిరాదు.

రెండోది వేడి. ఉక్కును అయస్కాంతం పట్టనంత వేడికి, అంటే సుమారు 770 డిగ్రీలు దాటేలా ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే అది గాజులా పెళుసవుతుంది. అక్కడితో ఆపితే కింద పడితే రెండు ముక్కలే. మళ్లీ మెల్లగా వేడి చేసి కొంత మెత్తబరచాలి. ముందుగా పైన కాలిన పొక్కు గీకి మెరిసేలా రుద్ది ఉంచితే వేడి పెరిగేకొద్దీ రంగులు వరుసగా కనిపిస్తాయి. ఎండుగడ్డి రంగు దగ్గర, సుమారు 220 డిగ్రీలకు, అలుగును తీసేయాలి. స్ప్రింగును అక్కడ ఆపకూడదు, నీలం వచ్చేదాకా, 300 దగ్గరకు వెళ్లాలి. అలుగుకు గడ్డి రంగు, స్ప్రింగుకు నీలం. రెండింటినీ ఒకేలా కాల్చే కమ్మరి చేతిలో స్ప్రింగైనా విరుగుతుంది, అలుగైనా వంగుతుంది. అనుభవమున్నవాడికి ఈ మాట చెబితే నవ్వుతాడు. నవ్వకపోతే ఇంకొకరిని వెతకండి.

పిడికి మన ఊరి కొమ్ము పని ఉండనే ఉంది. పర్లాకిమిడి కొమ్ము కళాకారుల కొంగలు, దువ్వెనలు మీరు చూసే ఉంటారు. గేదె కొమ్ము మన గోరులాంటి పదార్థమే. వేడి చేస్తే మెత్తబడి వంగుతుంది, చల్లారాక బిగుస్తుంది. అందులోనే దాని దోషమూ ఉంది. బోలుగా ఉన్న భాగాన్ని వేడి మీద చదును చేసి పలక తీస్తే అది తన పాత వంపును మరిచిపోదు. చాకుకు అతికించాక ఒక ఎండాకాలం గడిచేసరికి అంచులు లేస్తాయి. అందుకే కొమ్ము చివర గట్టి భాగం నుంచి కోసిన పలకలు అడగండి. ధర ఎక్కువ చెబుతారు, ఇవ్వండి. కోసిన పలకలను కొన్ని నెలలు నీడలో ఆరనిచ్చాకే రివెట్లు వేయించండి. బైకు డిక్కీలో ఎండకు వదిలేయకండి. పెట్టెలో ఏళ్ల తరబడి ఉంచితే పురుగు తొలుస్తుంది, చేతిలో తిరిగే చాకుకు ఆ బాధ తక్కువ. నల్లగా, బరువుగా ఉండే చెక్క ఇష్టమైతే తునికి చేవ కూడా బాగుంటుంది. ఆకు బీడీకి పోతుంది కాబట్టి ఆ చెట్టు చేవను మనవాళ్లు పట్టించుకోరు గానీ అది నల్లచేవ జాతిదే.

ఈ ప్రాంతంలో ఎవరెవరి జేబుల్లో ఏమున్నాయో చూడటం నాకు సరదా. పత్తి కొనే వ్యాపారి దగ్గర కొడవలిలా లోపలికి వంగిన అలుగు, బేలు గుడ్డ చీల్చడానికి. జీడిమామిడి అంట్లు కట్టే మాలి దగ్గర ఒకవైపే సానపట్టిన అంటు చాకు. దానితో ఉల్లిపాయ కోస్తే ఊరుకోడు, అతనిది న్యాయమైన కోపమే. కొమ్ము పనివాడు ఒకాయన వాడే చాకు సాన మీద అరిగి అరిగి అలుగు సూదంత అయింది, ఇంకా మార్చడు. స్కూలు టీచరుగారు ఒకరు చేతిసంచిలో కత్తెర ఉన్న చిన్న స్విస్ చాకు ఉంచుకుంటారు, నేను చూసినంతలో రోజూ అందరికంటే ఎక్కువ పని చేసేది ఆవిడ చాకే. పెద్దవాళ్లలో కొందరికి చాకు లేదు, మొలలో అడకత్తెర ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది వీటిలో ఏదీ కాదు, కరణాల మడత గంటం. దక్షిణాదిలో తాటాకు మీద రాసేవారు వాడిన ఇలాంటివి మ్యూజియాల్లో ఉన్నాయి. ఒక పిడిలోకే రెండు ముడుచుకుంటాయి, ఒక చివర రాసే ములుకు, ఇంకో చివర ఆకు అంచు కోసే చిన్న కత్తి. యూరపులో ఈక కలాన్ని చెక్కడానికి పుట్టిన చాకుకు ఇది ఏ విధంగానూ తీసిపోదు. జేబు చాకు పడమటి నుంచి వచ్చిన షోకు అనేవారికి దీన్ని చూపించాలి.

మీ పని మాటకొస్తే, గొర్రె గిట్టలు చెక్కడానికి వాడే రకం అలుగు అడగండి. వాదర తిన్నగా ఉంటుంది, వీపు చివర వంగి వచ్చి వాదరను కలుస్తుంది. పచ్చి పత్తికాయను పక్క నుంచి చీల్చినప్పుడు గులాబీ రంగు పురుగును నరకకుండా గింజ దాకా వెళ్లవచ్చు. మొన అరచేతిలో దిగే ప్రమాదం కూడా తక్కువ. వరిలో తెల్లకంకి కాండం చీల్చడానికీ ఇదే. వంగ, టమాటా మొక్క వాడిపోతే కాండం కోసి గ్లాసు నీళ్లలో ముంచి తెల్లని ధార దిగుతుందా అని చూస్తారు కదా, ఆ మొక్కను కోసిన చాకుతో పక్క మొక్కను తాకకండి. జేబులో స్పిరిట్‌తో తడిపిన దూది ఉంచుకుని అలుగును రెండువైపులా తుడవండి. తెగులు మోసుకెళ్లే చాకును రైతు క్షమించడు. పండు కోసుకునే ముందు కూడా సబ్బుతో కడగండి, పురుగుమందు కొట్టిన చేలో తిరిగి వచ్చిన చాకు అది.

సానకు రెండు ముఖాల కార్బొరండం రాయి చాలు, ఏ హార్డువేరు దుకాణంలోనైనా దొరుకుతుంది. అలుగు వెడల్పు 1.5 సెంటీమీటర్లు అయితే వీపును రాతి నుంచి 4, 5 మిల్లీమీటర్లు లేపి ఉంచండి, కోణం 17 డిగ్రీల దగ్గర కుదురుతుంది. ఒక వైపు రుద్దుతూ ఉంటే వాదర రెండో వైపుకు సన్నగా మడిచినట్టు లేచి వేలికి గరుకుగా తగులుతుంది. అది మొన దాకా వచ్చాకే తిప్పండి. చివర పాత తోలు బెల్టు మీద వాదరను వెనక్కి లాగండి. మామూలు ఉక్కు అలుగు పచ్చి మామిడికి, నిమ్మకు తగిలి బూడిద రంగులోకి, నీలంలోకి మారుతుంది. దాన్ని తోమేయకండి, ఎర్ర తుప్పుకు అదే కొంత అడ్డు. కీలులో కొబ్బరి నూనె వేయవద్దు, కొన్నాళ్లకు జిగురవుతుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే చాలు. పనస కోసే ముందు మాత్రం అలుగుకు కొబ్బరి నూనె రాయండి, పాలు అంటవు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజకు, తరువాత దసరాకు, మన జేబు చాకుకు రెండుసార్లు పసుపు కుంకుమలు దక్కుతాయి. పూజయ్యాక తడి తుడవకుండా మర్నాటి దాకా ఉంచారంటే ఆ బొట్టు కిందే తుప్పు మొదలవుతుంది.

ఇక తాతగారి చాకు. అలుగు మొదట్లో నక్షత్రం, పక్కన మాల్టా శిలువ ఉంటే షెఫీల్డ్ కంపెనీ జోసెఫ్ రాడ్జర్స్ వారిది. కిరీటంతో జి, ఆర్ అక్షరాలు కూడా ఉంటే చాలావరకు 1910 తరువాతది. మన దేశంలో ఆ గుర్తుకు నకళ్లు చాలా వచ్చాయి కాబట్టి గుర్తు కంటే కీలు చూసి అంచనా వేయండి. పిడి గురించి నిక్కచ్చిగా చెప్పాలి. షెఫీల్డ్ వాళ్లు చాలాకాలం వాడిన దుప్పి కొమ్ములో ఎక్కువ భాగం మన సాంబరు దుప్పిదే. ఇప్పుడది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోని వస్తువు. అడవిలో రాలినది ఏరి తెచ్చినా అంతే. కనుక దాన్ని జేబులో తిప్పడం, అమ్మజూపడం, కొరియరులో పంపడం వద్దు. ఉంచుకోవడం గురించి అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. కొత్త చాకుకు దుప్పి కొమ్ము వేసిస్తానని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

మరమ్మతు సాధ్యమే. వెనుక స్ప్రింగులు సాధారణంగా నడుమ రివెట్టు రంధ్రం దగ్గర విరుగుతాయి. రెండు ముక్కలూ దొరికితే వాటినే అచ్చుగా పెట్టుకుని కొత్త పట్టీ కోసి, రుద్ది, నేను పైన చెప్పిన నీలం దాకా కాల్చి బిగిస్తారు. కష్టమంతా పాత రివెట్ల తలలను పిడి చిట్లకుండా తీయడంలో ఉంది, ఎండిన కొమ్ము ఇట్టే పగులుతుంది. తొందరపడే చేతికి ఇవ్వకండి. వెల్డింగు చేసి ఇస్తానన్నవాడికి అసలే ఇవ్వకండి. ఆ వేడికి చుట్టుపక్కల ఉక్కు స్ప్రింగు గుణం పోగొట్టుకుంటుంది, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. అప్పటిదాకా అలుగు వేలాడకుండా నూలు దారంతో చుట్టి, కాస్త నూనె రాసి పొడి గుడ్డలో ఉంచండి. తోలు ఒరలో మాత్రం పెట్టవద్దు, తోలు తేమ పట్టి ఇత్తడి రేకులకు పచ్చ చిలుము, అలుగుకు తుప్పు రెండూ తెస్తుంది.